నులిపురుగుల నుంచి మందు రావచ్చు, మాత్ర మాత్రం మానవద్దు

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో రక్తపరీక్ష చేయించుకున్నవారికి రిపోర్టులో ఇసినోఫిల్స్ అనే వరుస పరిచయమే. ఆ తెల్లకణాలు పెరిగితే డాక్టరు ముందుగా రెండు అనుమానిస్తారు: అలర్జీ, లేదా ఒంట్లో పురుగులు. సంబంధం లేనట్టు కనిపించే ఈ రెండింటికీ మూలం ఒకటే. బ్యాక్టీరియానైతే రక్షక కణం మింగేస్తుంది. జానెడుకు మించి పెరిగే ఏలికపామును ఏ కణం మింగగలదు? అందుకే ఇసినోఫిల్స్, ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అనే రక్షక ప్రోటీన్ (యాంటీబాడీ), పేగుల్లో ఊరే జిగురు కలిసి దాన్ని బయటికి నెట్టే ఏర్పాటు ఒకటి మనలో ఉంది. దుమ్ము పడక తుమ్ములూ ఆయాసమూ వచ్చేవారిలో రెచ్చిపోయేదీ ఆ ఏర్పాటే.

పురుగు చూస్తూ ఊరుకోదు. ఏళ్ల తరబడి ఒకే ఒంట్లో బతకాలి కాబట్టి అది వదిలే స్రావాలు రోగనిరోధక స్పందనను అదుపులో ఉంచే నియంత్రక టి-కణాలను పెంచుతాయి, ఇంటర్‌ల్యూకిన్-10 అనే శాంతపరిచే సంకేత ప్రోటీన్ ద్వారా మన రోగనిరోధక వ్యవస్థను జోకొడతాయి. ఎలుకల పేగుల్లో ఉండే ఒక పురుగైతే, మన ఒంటి సంకేతమైన టీజీఎఫ్-బీటా చేసే పనే చేసే ప్రోటీన్‌ను సొంతంగా తయారు చేసుకుంటుంది. రూపంలో పోలిక లేదు, అయినా దొంగతాళంలా పనిచేస్తుంది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు రక్తంలోకి లెక్కలేనన్ని పిల్లలను వదులుతున్నా చాలామందికి ఏళ్లపాటు జ్వరమైనా రాకపోవడంలో ఈ జోకొట్టడానిదే పెద్ద పాత్ర.

దీంతో పురుగులు ఉంటేనే మేలన్న వాదం పుట్టింది. దానికి ఆధారాలు లేకపోలేదు. పురుగులు సోకిన 12 మంది మల్టిపుల్ స్క్లిరోసిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత నరాల మీదే దాడి చేసే జబ్బు) రోగులలో జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గిందని 2007లో అర్జెంటీనా వైద్యులు చూపారు. తర్వాత వారిలో కొందరికి పురుగుల మందు ఇవ్వగా జబ్బు మళ్లీ ముదిరింది. ఉగాండాలో గర్భిణులకు ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మందు ఇచ్చినప్పుడు వారి శిశువుల్లో ఎగ్జిమా (దురదతో వచ్చే చర్మవ్యాధి) ఎక్కువగా కనిపించింది. అయితే పేగులు వాచే క్రోన్స్ వ్యాధికి పంది పురుగు గుడ్లు తాగించే వైద్యం చిన్న ప్రయోగంలో ఆశ కల్పించి, పెద్ద ప్రయోగంలో ఉత్తుత్తి మందు కంటే మెరుగని తేలలేదు.

ఈ సగం సమాచారం పట్టుకుని బడిలో ఇచ్చే మాత్ర పిల్లలకు వద్దనడం అన్యాయం. జోకొట్టడం అలర్జీ దగ్గరే ఆగదు, టీకా పనినీ మందగింపజేస్తుంది. ఇథియోపియాలో పురుగులు తీసేశాక బీసీజీ టీకాకు ఒంటి స్పందన మెరుగుపడింది. పైగా కొంకిపురుగు పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతుంది. రక్తహీనతతో బడిలో కునికే ఆడపిల్లకు, రేపెప్పుడో రాగల అలర్జీ నుంచి రక్షణ దొరుకుతుందని చెప్పగలమా?

2015లో దేశంలో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరిట ఏటా ఫిబ్రవరి 10న 1 నుంచి 19 ఏళ్లవారికి ఇస్తున్న 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర (రెండేళ్ల లోపువారికి సగమే) పిల్లలు టీచరు ఎదుటే నమిలి మింగాలి. అది ఉన్న పురుగును తీస్తుంది, కొత్తది రాకుండా ఆపదు. గుడ్లు మట్టిలో నెలలు, ఏళ్లు నిలుస్తాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ గట్ల మీద ఉత్తకాళ్లతో తిరిగే పిల్లలకు మాత్ర ఎంత అవసరమో మరుగుదొడ్డీ, చెప్పులూ అంతే అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీరు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నిలిచింది. అలాంటి వరద తీశాక వీధుల్లో బురద ఎత్తడంతో పాటు ఇంటింటా మాత్రలూ పంచాలి.

ఇక రోగనిరోధక వ్యవస్థను జోకొట్టే పురుగు ప్రోటీన్‌ల పరిశోధన సాగాల్సిందే, మందు సీసాలోకి రావాల్సింది ఆ ప్రోటీనే గానీ బతికున్న పురుగు కాదు. గుంటూరు, విజయవాడ వైద్య కళాశాలలు మాత్ర మింగిన పిల్లల్లో అలర్జీ పెరుగుతోందా, టీకా స్పందన మెరుగుపడుతోందా అని కొన్నేళ్లపాటు వరుసగా కొలవాలి. కాలువ గట్టూ, అలర్జీ క్లినిక్కూ ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లలో ఆ లెక్క తీయడం పెద్ద కష్టం కాదు.