మహారాజశ్రీ తరగతి బ్లాగు గారికి

మహారాజశ్రీ ఏడో తరగతి బి సెక్షన్ బ్లాగు గారి దివ్యసముఖమునకు మల్కాజిగిరి నుంచి ఒక తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అనగా తమరు కుశలం. మా ఆదివారం పోయింది.

మా అమ్మాయి పోస్టు తమరిలో ఎక్కిద్దామని నిన్న మధ్యాహ్నం 3 గంటలకు కూర్చున్నాను. ఫొటో సైజు ఎక్కువైందని తమరు తిప్పికొట్టగా కొట్టగా దీపాలు పెట్టే వేళయింది. పోనివ్వండి. పాస్‌వర్డు పెద్దల దగ్గరే ఉండాలన్నారు గనుక ఏడో తరగతి నేనే మళ్లీ చదువుతున్నాను. అదీ పోనివ్వండి.

వ్యాఖ్యల సంగతి మాత్రం వదల్లేను. టీచరు టిక్కు పెట్టి పక్కన పడేసే వ్యాసం కాదు, తోటి పిల్లలు చదివి బదులిచ్చే రాత అని కదా పేరెంట్స్ మీటింగులో ఊరించారు? నమ్మాను. ఆ రుచి ఎరిగినవాణ్ణి మరి. 2007లో అమీర్‌పేట నెట్ సెంటర్లో గంటల లెక్కన డబ్బు కట్టి, తెలుగు టైపు చేసుకునే లేఖిని సైట్లో టైపు చేసి, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలిలో నా టపా కనబడిందా అని పదేపదే చూసుకునేవాణ్ణి. ముక్కూమొహం తెలియని ఎవరో 'ఆ వత్తు తప్పండీ' అని వ్యాఖ్య పెడితే వారం రోజులు మురిశాను.

ఇప్పుడు వినండి. ఒక పిల్లాడు గోల్కొండ చూసొచ్చి రాశాడు, కింది ద్వారం ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ కొమ్మునున్న బాలాహిసార్‌లో వినబడిందని. దాని కింద మా అమ్మాయి అడిగింది: "గుసగుసలు కూడా వినిపిస్తాయా? మరి సైనికులు రాజుని తిట్టుకోవాలంటే ఎక్కడికెళ్లేవాళ్లు?"

'మీ వ్యాఖ్య పరిశీలనలో ఉంది' అన్నారు తమరు. ఇవాళ్టికి 19 రోజులు. అదే పోస్టు కింద నైస్‌లు, సూపర్‌లు, 'కీప్ ఇట్ అప్ డియర్'లు 31 మాత్రం క్షణాల్లో పాసైపోయాయి. అన్నీ అమ్మానాన్నలు కొట్టినవే. ఒకాయన ఆఫీసు అలవాటులో 'నోటెడ్, థాంక్స్' అని కూడా పెట్టాడు.

ఆ పిల్లాడు కూర్చునేది మా అమ్మాయి వెనక బెంచీలోనయ్యా! నోటితో అడగొచ్చుగా అంటే, "నోటితో అడిగితే మార్కులు రావు నాన్నా" అంది.

రాతి కోట చప్పట్లను కిలోమీటరు దూరం మోసుకెళ్లింది. నువ్వు ఒక్క ప్రశ్నని వెనక బెంచీ దాకా మోయలేకపోయావు. సిగ్గులేదూ?

ఇక సెలవు. పొద్దున 8లోపు ఇద్దరి పోస్టుల కింద ఏదో ఒకటి రాయకపోతే 5 మార్కులు కోతట. పిల్ల నిద్రపోయింది. 'సూపర్' అని కొడుతున్నాను. పాసైపోతుందిగా.