తిరుపతిలో పన్నెండు కుర్చీలకు చోటు లేదా?

"ఉప్పు తగ్గించమన్నారు సార్, మా అత్తగారు."

తిరుపతి బైరాగిపట్టెడలో చిన్న ఫ్యాన్సీ దుకాణం నడిపే ఒక తండ్రి నాతో అన్న మాట ఇది. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. వైద్యుడు చీటీ మీద బీపీడీ అని రాశాడు. ఆ చివరి అక్షరం ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఇరవై ఏళ్లకే బీపీ ఏమిటని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. ఒకరు ఉప్పు మానమంటే ఇంకొకరు పొద్దున్నే వెల్లుల్లి మింగించమన్నారు. మొదటిసారి చెప్పినప్పుడు ఆయనా నవ్వారు, నేనూ నవ్వాను. మూడోసారి చెప్పినప్పుడు ఇద్దరం నవ్వలేదు.

బీపీడీ అంటే బీపీ కాదు, బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే మానసిక రుగ్మత. దాని గురించి పెద్ద పాఠం చెప్పను. సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత అని తెలుగు చేసినవారిని మాత్రం ఏ సరిహద్దు అని అడగాలనిపిస్తుంది. మామూలు మనోవ్యాకులతకూ పూర్తి ఉన్మాదానికీ నడుమ ఉన్నారనుకున్న రోగుల గురించి 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే మనోవిశ్లేషకుడు వాడిన మాట అది. 1980లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలోకి ఎక్కింది. ఆ పాత సిద్ధాంతం పోయింది, పేరు మిగిలింది. నావాళ్లు నన్ను వదిలేస్తారన్న భయం, నిన్న దేవతగా కనిపించిన మనిషి ఇవాళ శత్రువుగా కనిపించడం, ఎంత నింపినా నిండని వెలితి, అదుపు తప్పే కోపం, తనను తాను గాయపరచుకోవడం వంటి తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉంటే ఆ పేరు పెడతారు. నూటికి ఒకరిద్దరికి ఉంటుందని అంచనా. మన ఊళ్లో దీన్ని పిలిచే పేర్లు వేరు. పొగరు, నాటకం, గారాబం. ఏమీ తోచకపోతే గాలి సోకింది.

ఒక విచిత్రం చెప్పాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టి, ఎదురైనవారిని నోటికొచ్చినట్లు తిట్టడం మొక్కులో భాగం. ఆ తిట్లు పడ్డవారు కోపగించుకోరు, దణ్ణం పెడతారు. మగవాడు చీర కట్టుకుని తిడితే అమ్మవారు పలికినట్లు. అదే ఊళ్లో ఇరవై ఏళ్ల అమ్మాయి ఇంట్లో ఒక గిన్నె విసిరికొడితే ఏడాదంతా సంబంధాలు రావు. కోపానికి ఏడాదికి ఒక వారం సెలవిచ్చిన ఊరు మిగతా యాభై ఒక్క వారాలకు ఏ ఏర్పాటూ చేయలేదు.

ఇక అసలు మాట. ఈ రుగ్మత ఉన్నవారికి తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో వైద్యుల కొరత ఉంది, నిజమే. అయితే అంతకంటే పెద్ద కొరత ఇంకొకటి ఉంది. అదే బాధ పడుతున్న మరో మనిషిని వారు ఇంతవరకు చూడలేదు. ఆ అమ్మాయికి ముందు కావాల్సింది నెలకొకసారి పది నిమిషాలు చూసే మరో నిపుణుడు కాదు. "నాకూ అలాగే అవుతుంది, ఆ రాత్రి నేనేం చేశానో చెప్తాను విను" అనగల ఇంకో అమ్మాయి. అలాంటివారు వారానికోసారి కలిసి కూర్చుని మాట్లాడుకునే ఒక గది, నేనడిగేది అదే.

ఇది మెత్తని మనసు మాట్లాడించే మాట అనుకునేవారి ముందు లెక్కలు పెడతాను. అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రిలో మేరీ జనారిని బృందం 1992లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. ఈ రుగ్మతతో అక్కడ చేరిన 290 మందిని రెండేళ్లకోసారి కలుస్తూ వచ్చింది. పదేళ్లు గడిచేసరికి 93 శాతం మందిలో లక్షణాలు తగ్గుముఖం పట్టి కనీసం రెండేళ్లు అలాగే నిలిచాయి. "ఇది జన్మలో పోదు" అని గుసగుసలాడే పెద్దమనుషులు ఈ అంకెను గోడ మీద రాసుకోవాలి. అయితే నన్ను నిద్రపోనివ్వని అంకె ఇది కాదు. లక్షణాలు తగ్గడంతో పాటు ఒక స్థిరమైన అనుబంధం, నిలకడగా సాగే చదువో ఉద్యోగమో కూడా కుదిరినవారు సగం మందే.

ఆ మిగతా సగం గురించి ఆలోచించండి. చేతి మీద కొత్త గాయాలు లేవు. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగులు లేవు. వైద్యుడి లెక్కలో గెలుపే. కానీ ఫోను మోగదు. పండగనాడు పిలిచే స్నేహితురాలు లేదు. పాత స్నేహాలన్నీ కాలిపోయాయి, కొత్త స్నేహం చేయాలంటే భయం. ఆ ఖాళీని ఏ మాత్ర పూడుస్తుంది? అసలు ఈ రుగ్మతకంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందే ఇంతవరకు లేదు. రాసేవన్నీ పక్కనున్న దిగులుకూ ఆందోళనకూ నిద్రలేమికీ. మనుషుల మధ్య మసలడంలో దెబ్బతిన్నవారికి మనుషుల మధ్యే తర్ఫీదు కావాలి. ఈతను గట్టు మీద కూర్చోబెట్టి నేర్పలేం కదా.

ఈ రుగ్మతకు బాగా పనిచేస్తుందని పేరు తెచ్చుకున్న డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్సలోనూ వారంవారం అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మెళకువలు నేర్పే తరగతి ఒక ముఖ్యభాగం. దాన్ని రూపొందించిన మార్షా లైన్‌హాన్ 2011లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ వెళ్లి, పదిహేడేళ్ల వయసులో తనను చేర్చిన ఆసుపత్రిలోనే, నేనూ ఇక్కడ రోగిగా ఉన్నదాన్నే అని అందరి ముందు చెప్పారు. అంతకుముందు ఒక రోగి ఆమెను అడిగిందట, మీరు మాలో ఒకరా అని. అవునంటే మాకెంతో ఆశగా ఉంటుందని కూడా అన్నదట. పుస్తకాలు, పరిశోధనలు, ఆచార్య పదవి అన్నీ ఉన్న మనిషిని ఆ రోగి అడిగింది డిగ్రీల గురించి కాదు.

ఇదంతా దొరల దేశపు సరదా అనుకోవద్దు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి రోగులతో పాటు వారి కుటుంబాలనూ ఉంచారు. పక్క గుడారంలోని తల్లిని చూసి ఈ గుడారంలోని తల్లి నేర్చుకుంది. చిత్తూరు వాళ్లకు ఇది కొత్త కాదు. మనవాళ్లు బస్సెక్కి వెళ్లే వేలూరు సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రం 1957 నుంచి రోగితో పాటు ఇంటివారినీ ఉంచుకునే పద్ధతికి పేరుపొందింది. ఈమధ్యకాలంలో గుజరాత్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో రోగుల హక్కులకు విలువనిచ్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిని అనుసరించినప్పుడు, ఆ బాధ తెలిసినవారినే తోటివారికి ఆసరా ఇచ్చే వలంటీర్లుగా తీసుకున్నారు. మనం ఎందుకు తీసుకోలేం?

వైద్యుల అభ్యంతరం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయను. గాయపరచుకునే అలవాటు ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని, ఇద్దరు దుర్బలులు ఒకరినొకరు పట్టుకుంటే ఇద్దరూ మునుగుతారని వారి భయం. నిజమే, ఏ కట్టుబాటూ లేకుండా పదిమందిని గదిలోకి తోస్తే జరిగేది అదే. అందుకే నియమాలుండాలి. ఎలా గాయపరచుకున్నారో వర్ణించకూడదు, మచ్చలు చూపకూడదు, మందులు మానమని ఎవరికీ చెప్పకూడదు. కోలుకుని కొన్నేళ్లు నిలబడినవారు, శిక్షణ పొంది నడపాలి, వెనుక ఒక వైద్యుడుండాలి. ప్రాణాల మీదికొస్తే ఆసుపత్రికే వెళ్లాలి, ఏ వేళైనా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు ఫోను చేయాలి. అంతే తప్ప, ప్రమాదముందని తలుపే తీయకపోతే, ఆ పిల్లలు ఇప్పుడు ఒంటరి గదుల్లో ఉన్నది క్షేమంగానా?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చదవండి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం వారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించాలి అంటుంది. చికిత్స సరే. పునరావాసమంటే ఏ గదిలో, ఎవరి పక్కన?

గది అనగానే నాకు పాత కోపం ఒకటి లేస్తుంది. యాత్రికుల బస కోసం శ్రీనివాసం ఉంది, విష్ణు నివాసం ఉంది, మాధవం ఉంది. వీధికో కల్యాణ మండపం ఉంది. ఎక్కడెక్కడినుంచో వచ్చి శ్రీవారి సేవలో క్యూలైన్ల దగ్గర మంచినీళ్లందించే వలంటీర్లు ఉన్నారు. ఇవన్నీ ఉండాల్సిందే. కానీ ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు పదిమంది, పైసా ఖర్చు లేకుండా, ఎవరూ లెమ్మనకుండా రెండు గంటలు కూర్చుని మాట్లాడుకునే చోటు ఒక్కటి చూపించండి. గ్రంథాలయముంది, అక్కడ మాట్లాడకూడదు. గుడి ఉంది, అక్కడ నిలబడనివ్వరు. ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్తే ఎవరో ఒకరు చూసి ఇంట్లో చెబుతారు. యాత్రికుడికి ఊరంతా సత్రమే, ఊరివాడికి కాఫీ చల్లారేంతసేపే కుర్చీ. అరుగులు కొట్టేసి షట్టర్లు పెట్టుకున్న నాడే మనం ఈ జబ్బును సగం తెచ్చుకున్నామని నా అనుమానం. వైద్యశాస్త్రం ఒప్పుకోదు, తెలుసు. అయినా అనుమానం పోదు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. చెప్పుకున్నవాడికే నష్టం జరిగే ఊరు ఇది. అందుకే ఆ గది తలుపు మీద జబ్బు పేరు రాయకూడదు. కుట్టు శిక్షణ పక్కన, యోగా తరగతి పక్కన అదొక గదిగా ఉండాలి. నగరపాలక సంస్థ తన భవనాల్లో ఒకదానిలో చోటివ్వొచ్చు. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు, పన్నెండు కుర్చీలు, ఒక ఫ్యాను, తాగునీరు. నడిపేవారికి జీతమివ్వాలి. పూర్తిగా సేవ అంటే ఆరు నెలల్లో మూతపడుతుంది. నిద్రలేని రాత్రులు గడిపి నేర్చుకున్నది కూడా చదువే.

ఈ లెక్కంతా ఆ దుకాణం తండ్రికి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత రెండే ప్రశ్నలు వేశారు. ఆదివారమేనా సార్, అయితే దుకాణం మూసేస్తాను. అమ్మాయి ఒక్కతే రానంటుంది, నేను బయట కూర్చోవచ్చా?

అంటే పదమూడు కుర్చీలు.