రెజ్యూమే నెత్తిన రాసే ఆ ఒక్క వరుస

పైపుల పనిలో ఆరితేరిన వెల్డరు తన రెజ్యూమేలో పేరు కింద ‘6జీ పైప్ వెల్డర్ – టిగ్, ఆర్క్’ అని రాసుకుంటాడు. అక్కడితో అతని పరిచయం పూర్తయినట్టే. 6జీ అంటే పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, దాని చుట్టూ తిరుగుతూ అతుకు వేయించే పరీక్ష. అందులో నెగ్గినవాడికి తక్కిన కోణాల్లో పైపు అతకడం వచ్చునని రిఫైనరీలోనైనా, విద్యుత్కేంద్రంలోనైనా ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. టిగ్, ఆర్క్ అనే మాటలు ఏ పద్ధతిలో అతుకుతాడో చెబుతాయి. ఆ వరుసలో పొగడ్త ఒక్కటీ లేదు. దాని పక్కనే, నాలుగేళ్లు బీటెక్ చదివి హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్న యువకుడి రెజ్యూమే పెట్టి చూస్తే, తాను చురుకైనవాణ్నని, కష్టపడతానని, సవాళ్లంటే ఇష్టమని చెప్పే ఒక పొడుగాటి ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. అతనికి ఏ పని వచ్చునో మాత్రం అందులో ఉండదు.

ఈ తేడాకు కారణం చదువు కాదు. ఆ వరుసను ఎవరు చదువుతారన్న విషయంలో ఇద్దరి ఊహలూ వేరు. వెల్డరుకు ఫోర్‌మన్ కళ్ల ముందు కనిపిస్తాడు. బీటెక్ కుర్రాడికి బంధువులు కనిపిస్తారు. మన ఇళ్లలో ఉద్యోగం పేరు చాలాకాలంగా హోదాకు గుర్తు. పెళ్లిళ్ల పేరయ్య పట్టుకొచ్చిన బయోడేటాలో ‘అబ్బాయి సాఫ్ట్‌వేర్’ అని ఉంటే చాలు, అతను టెస్టింగ్ చేస్తాడా, డేటాబేస్ చూస్తాడా అని పిల్ల తండ్రి అడగడు. జీతమెంత, ఊరెక్కడ అన్నవే అక్కడి ప్రశ్నలు. ఉద్యోగం ఇచ్చేచోట సంగతి తలకిందులుగా ఉంటుంది: సాఫ్ట్‌వేర్ అన్న మాటకు విలువ లేదు, టెస్టింగా డేటాబేసా అన్నదే అసలు ప్రశ్న. పెళ్లి బయోడేటా రాసే అలవాటుతో రెజ్యూమే రాస్తే రెంటికీ చెడ్డట్టవుతుంది.

చదివే మనిషి ఎలా చదువుతారో కొంచెం ఆలోచించాలి. కన్సల్టెన్సీలోనో, కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలోనో కూర్చున్న రిక్రూటరు నౌకరీ డాట్ కామ్, లింక్డ్‌ఇన్ వంటి ఉద్యోగాల వెబ్‌సైట్లలో ‘జావా, స్ప్రింగ్ బూట్, హైదరాబాద్, మూడు నుంచి ఐదేళ్లు’ వంటి మాటలు కొట్టి వెతుకుతారు. తెర మీద పేర్ల జాబితా వస్తుంది. పేరు వెంటనే కంటబడేది శీర్షికే, అంటే మనం చెప్పుకుంటున్న ఆ ఒక్క వరుసే. లింక్డ్‌ఇన్ దానికి 220 అక్షరాల దాకా చోటిస్తుంది, కానీ జాబితాలో మొదటి కొన్ని మాటలే చూపు నిలిపేవి. కాబట్టి వృత్తి పేరు ముందు రావాలి, ఆ తర్వాత చేతిలో ఉన్న పనిముట్లు, ఆ తర్వాత అనుభవం లేదా రంగం రావాలి. ‘బ్యాకెండ్ డెవలపర్ – జావా, స్ప్రింగ్ బూట్ – బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో నాలుగేళ్లు’ అన్న వరుసలో అలంకారమేమీ లేదు, కానీ వెతికే మాటలన్నీ ఉన్నాయి. ‘కోడింగ్ మాంత్రికుడు’ వంటి చమత్కారాలు రాసుకునేవారు ఒక్కసారి ఆగి, ఆ మాట కొట్టి మనిషి కోసం ఎవరైనా వెతుకుతారా అని ప్రశ్నించుకుంటే మంచిది.

ఇక్కడొక నిజమైన చిక్కుంది. మన పెద్ద ఐటీ సంస్థల్లో కొత్తగా చేరినవారికి ఇచ్చే హోదాలు చేసే పనిని చెప్పవు. టీసీఎస్‌లో అసిస్టెంట్ సిస్టమ్ ఇంజినీర్, ఇన్ఫోసిస్‌లో సిస్టమ్స్ ఇంజినీర్, విప్రోలో ప్రాజెక్ట్ ఇంజినీర్, కాగ్నిజెంట్‌లో ప్రోగ్రామర్ అనలిస్ట్ ట్రైనీ వంటి పేర్లన్నీ జీతాల మెట్లకు గుర్తులే. ఒకే హోదా ఉన్న ఇద్దరిలో ఒకరు రాత్రిపూట సర్వర్లు కనిపెట్టుకుని ఉండవచ్చు, మరొకరు మొబైల్ యాప్ రాస్తూ ఉండవచ్చు. ఆ హోదానే రెజ్యూమే నెత్తిన పెట్టుకుంటే బయటివారికి ఏమీ తెలియదు. అలాగని దాన్ని మార్చి రాస్తే అబద్ధమవుతుందేమోనన్న భయం చాలామందిని పట్టి ఉంచుతుంది. ఆ భయం సగమే సరైనది. పైనున్న శీర్షిక మీ వృత్తిని చెబుతుంది. కింద అనుభవం వివరాల్లో ఉండేది సంస్థ మీకిచ్చిన హోదా. మొదటిదాన్ని మార్కెట్టు మాటల్లో రాసుకునే స్వేచ్ఛ మీకుంది. రెండోదాన్ని ఆఫర్ లెటర్‌లోనూ రిలీవింగ్ లెటర్‌లోనూ ఎలా ఉంటే అలాగే, అక్షరం మారకుండా రాయాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవారు చూసేది దాన్నే. 2014లో వచ్చిన యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) పుణ్యమా అని ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానారో పీఎఫ్ ఖాతా చెప్పేస్తుంది. హోదా సంగతి కాగితాలు చెబుతాయి.

హోదాను పెంచి రాసుకునే జబ్బు మరొకటి. విదేశీ బ్యాంకుల హైదరాబాద్ కార్యాలయాల్లో వైస్ ప్రెసిడెంట్ అంటే మధ్యస్థాయి ఉద్యోగి, కొన్నిసార్లు కింద ఒక్క మనిషి కూడా ఉండడు. ఆ బ్యాంకుల లోకంలో అందరికీ తెలిసిన సంగతే కనుక ఇబ్బంది లేదు. అదే మాటతో ఒక చిన్న ప్రోడక్ట్ కంపెనీకి దరఖాస్తు చేస్తే, ఇంత పెద్దాయన మన జీతానికి వస్తాడా అని వారు పక్కన పెట్టేస్తారు. 2008 ప్రాంతంలో లింక్డ్‌ఇన్‌లో డీజే పాటిల్, ఫేస్‌బుక్‌లో జెఫ్ హామర్‌బాకర్ వాడకంలోకి తెచ్చిన ‘డేటా సైంటిస్ట్’ అన్న పేరును ఇవాళ నెలవారీ ఎక్సెల్ నివేదికలు తయారుచేసేవారు కూడా తగిలించుకుంటున్నారు. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు పూర్తిచేసి ‘ఫుల్ స్టాక్’ (తెర మీద కనిపించే భాగం నుంచి వెనకున్న డేటాబేస్ దాకా అన్నీ వచ్చినవాడు) అని రాసుకున్న కుర్రాడికి ఇంటర్వ్యూ మొదటి పది నిమిషాల్లోనే స్టాకులో ఎంత భాగం నిండిందో తేలిపోతుంది. వెల్డరుకు ఆ ప్రమాదం తక్కువ. ట్రేడ్ టెస్టులో పైపు చేతికిస్తారని అతనికి ముందే తెలుసు.

కొన్ని పేర్ల విషయంలో ఇది అభిరుచికి సంబంధించిన సంగతి కాదు, చట్టం సంగతి. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యుడు కానివాడు ఆ పేరు వాడితే శిక్షార్హుడు. సీఏ ఇంటర్ గట్టెక్కి ఆర్టికల్స్ (సీఏ దగ్గర చేసే శిక్షణ) పూర్తిచేసినవారు ‘అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ – జీఎస్టీ, టీడీఎస్ – సీఏ ఇంటర్ ఉత్తీర్ణత’ అని రాసుకుంటే ఏ చిక్కూ లేదు, విలువా తగ్గదు. బీఆర్క్ చదివినవారికి కూడా ఇటువంటి కట్టుబాటే ఉంది: 1972 చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదయితే తప్ప ఆర్కిటెక్ట్ అన్న పేరు పెట్టుకోరాదు. ఆ చట్టం కట్టడి చేసేది పేరునే తప్ప పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది, అంటే పేరుకున్న బరువు ఎంతో ఊహించవచ్చు. కెనడా వెళ్లే మనవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. అక్కడి రాష్ట్రాల చట్టాలు ‘ఇంజినీర్’ అన్న మాటను లైసెన్సు ఉన్నవారికే పరిమితం చేశాయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అన్న పేరుకు ఆల్బెర్టా 2023లో మినహాయింపు ఇచ్చింది. ‘డెవలపర్’ అని రాసుకుంటే ఆ తలనొప్పే లేదు.

గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాల, నిజామాబాద్ కార్మికుడికైతే ఈ వరుస జీవనాధారమే. ‘కార్పెంటర్’ అని మాత్రమే రాస్తే, సెంట్రింగ్ చెక్కలు కొట్టే షట్టరింగ్ కార్పెంటరా, తలుపులు, బీరువాలు చేసే ఫర్నిచర్ కార్పెంటరా అన్నది తేలదు. రెండింటికీ పనిముట్లు వేరు, ఎండ వేరు, జీతం వేరు. ఆ సీవీని చాలాసార్లు రాసేది ఏజెంటే; మనిషికి దానిలో ఏముందో తెలియదు. సీవీలో ఉన్న వృత్తి, ఒప్పందంలో ఉన్న వృత్తి, వీసా మీద ఉన్న వృత్తి ఒకటేనా అని విమానం ఎక్కకముందే ఎవరిచేతనైనా చదివించుకోవడం కన్నా ముఖ్యమైన పని లేదు.

అనుభవం లేనివారి సంగతి కొంత సులువు. ‘ఉద్యోగం కోరుతున్న అభ్యర్థి’ అని రాయనక్కర్లేదు, అది దరఖాస్తు పెట్టినప్పుడే తెలిసిపోయింది. ‘ఫ్రెషర్ – పైథాన్, ఎస్‌క్యూఎల్ – బీటెక్ 2025’ అంటే సరిపోతుంది. వృత్తి మారేవారికే ఎక్కువ కష్టం. తెలుగు పత్రికలో పన్నెండేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేసిన మనిషి కార్పొరేట్ కంపెనీకి వెళ్తే, అక్కడివారు ‘సబ్’ అన్న మాట చూసి ఎవరికో సహాయకుడనుకుంటారు. డెస్కులో అర్ధరాత్రి దాకా అనువాదం చేసి, దిద్ది, శీర్షిక పెట్టి పేజీని అచ్చుకు పంపినవాడు అతనేనని వారికి తెలియదు. అతను పైన ‘తెలుగు కంటెంట్ ఎడిటర్ – ఇంగ్లీషు నుంచి అనువాదం, లోకలైజేషన్ – పన్నెండేళ్లు’ అని రాసి, కింద అనుభవంలో సబ్ ఎడిటర్ అన్న మాటను ఉన్నదున్నట్టు ఉంచి, దాని పక్కనే రోజుకు ఎన్ని పేజీలు చూసేవాడో చేర్చితే చాలు. రోజూ వేరేవాళ్ల వార్తలకు శీర్షికలు పెట్టినవాడికి తన శీర్షిక దగ్గరే చెయ్యి ఆడకపోవడం నేను చాలాసార్లు చూశాను.