ముందు నీటి గీత, తర్వాతే రంగులు

పోరంబోకు అనే మాట తమిళంలోనూ తెలుగులోనూ ఒక్కటే. ఎవరి పేరా పట్టా లేని నేల. చెరువు శిఖం, వాగు గట్టు, పశువుల బయలు, వలలు ఆరేసుకునే ఇసుక మెరక అన్నీ అందులోకే వస్తాయి. చెన్నపట్నం వీధుల్లో ఇప్పుడది తిట్టు. నగర ప్రణాళిక పటాల్లో కూడా ఆ నేలకు దక్కిన మర్యాద అంతే. ఖాళీగా ఉంది కాబట్టి ఎవరికో ఒకరికి రాసివ్వొచ్చు అన్నట్టే దశాబ్దాలుగా చూశారు.

దాని ఫలితం 2015 డిసెంబరులో చెన్నైలో అడయారు నది ఒడ్డున చూశాం. ఆ వరదను మనుషులు తెచ్చిపెట్టిన విపత్తుగానే, ప్రభుత్వ పద్దులు తనిఖీ చేసే కాగ్ నివేదిక లెక్కగట్టింది. ఎనిమిదేళ్ల తర్వాత, 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరైతే మునిగింది దక్షిణ చెన్నైలోని వేళచ్చేరి. గుంటూరు, నెల్లూరు జిల్లాల నుంచి ఉద్యోగాలకొచ్చి వేళచ్చేరి, పెరుంబాక్కం, షోలింగనల్లూరులో అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లు లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించారు, స్థలం మీద అప్పులూ లావాదేవీలూ చూపే ఈసీ తీయించారు. ఆ స్థలం ఎంత పల్లమో, ఏ చెరువు అలుగు నీరు అటు పారుతుందో చెప్పే కాగితం మాత్రం ఆ కట్టలో లేదు. అది ఇచ్చి తీరాలన్న నిబంధనే లేదు.

పళ్లికరణై సంగతి చూడండి. దక్షిణ చెన్నై చెరువుల మిగులు నీరంతా ఆ చిత్తడి నేలలోకి చేరుతుంది. అక్కడి నుంచి ఒక్కియం మడువు అనే నీటి పాయ మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు దిగదు, వెనక్కే నిలుస్తుంది. అలా నిలవడానికి చోటుగా ఉన్న నేల ఒకప్పుడు సుమారు 5,000 హెక్టార్లని అంచనా. 2022లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కినప్పుడు లెక్కకొచ్చింది 1,247 హెక్టార్లు. మిగతాది రోడ్లయింది, ఆఫీసులయింది, కాలనీలయింది. అందులో చాలావాటికి అనుమతులున్నాయి. మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది అదే.

2004 సునామీలో ఇళ్లు పోయిన మత్స్యకారుల్లో చాలామందిని సెమ్మంచేరికి తరలించారు. తీరం ప్రమాదమని చెప్పి తీసుకెళ్లి, ఏ వాన పడినా నీళ్లు చేరే పల్లంలో దించారు. పడవకూ వలకూ దూరమయ్యారు, వరద మాత్రం తప్పలేదు. 2015 తర్వాత అడయారు, కూవం గట్ల మీది పేదలను పెరుంబాక్కం పంపినప్పుడూ జరిగింది ఇదే. అవే నదుల ఒడ్డున ఉన్న పెద్ద భవనాలకు ఆ తొందర తగల్లేదు. ఇది అన్యాయం.

చట్టం ఏం చేస్తోంది? 1991 నాటి తీర నియంత్రణ నిబంధనలు పల్లెతీరాల్లో సముద్రం పోటు చేరే గీత నుంచి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాలను ఆపాయి. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట దాన్ని 50 మీటర్లకు కుదించింది. అంతకంటే లోతైన దెబ్బ ఇంకొకటుంది. అలల ఎత్తు, తీరం కోత, సముద్రమట్టం పెరుగుదల లెక్కవేసి గీసిన ప్రమాద రేఖ ఉంది. దాన్ని ఆ నోటిఫికేషన్ విపత్తు సన్నద్ధతకు సాధనంగానే ఉంచింది, కట్టడాల నియంత్రణకు వర్తింపజేయలేదు. ప్రమాదం ఎక్కడిదాకా ఉందో కొలిచి, ఆ కొలతను అనుమతులిచ్చే బల్ల దగ్గరికి రానివ్వకపోతే కొలిచి ఏం లాభం?

కేంద్రం వదిలేసిన పనిని రాష్ట్రం చేయొచ్చు. 2008లో వచ్చిన చెన్నై రెండో మాస్టర్ ప్లాన్ గడువు 2026తో సరి. మూడోది రావాలి. మహానగర పరిధి 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెరిగింది. చెరువులూ పొలాలూ ఇంకా మిగిలిన పల్లెలు అందులోకి వచ్చాయి. వేళచ్చేరిలో చేజారిన అవకాశం అక్కడ ఇంకా ఉంది. నివాసం, వాణిజ్యం, పరిశ్రమ అని రంగులు వేసే ముందే వరద గీత, ప్రమాద రేఖ పటం మీద పడాలి. ఆ గీతల లోపల, నేల వాడకం మార్చమని అడిగే రీక్లాసిఫికేషన్ దరఖాస్తు తీసుకోనే కూడదు. తీరం వెంట పడవలు లాగే చోటు, చేపలు ఎండబెట్టే మెరక మత్స్యకారుల ఉమ్మడి స్థలమని పటంలో పేరు పెట్టి రాయాలి. ఉత్తర చెన్నైలో నీరు సముద్రంలో కలిసే ఎన్నూరు మొగలోనూ ఇదే వర్తించాలి. అక్కడ 2023 వరదతో పాటే నూనె తెట్టు వచ్చి వలలను నాశనం చేసింది.

ఇలా భూమిని కట్టడాలకు దక్కకుండా ఆపేస్తే ఇళ్ల ధరలు పెరుగుతాయనే వాదన ఉంది. అది తీసిపారేయదగ్గది కాదు. అందుకే మేం కట్టినవి కూల్చమనడం లేదు. పల్లంలో ఉన్నవాటికి అదనపు అంతస్తులు ఆపి, మెరక ప్రాంతాల్లో, మెట్రో దారుల వెంట ఎత్తుగా కట్టుకోనివ్వమంటున్నాం. పేదల ఇళ్లకూ ఆ మెరకలోనే వాటా ఉండాలి.

ముసాయిదా పటం వెబ్‌సైటులో పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. కాసిమేడులో, సెమ్మంచేరిలో, ఎన్నూరులోని కుప్పాల్లో, అంటే మత్స్యకారుల పల్లెల్లో, గోడకు అంటించాలి, తమిళంలోనూ తెలుగులోనూ. 2015లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, 2023లో ఎక్కడిదాకా వచ్చాయో అక్కడి ఆడవాళ్లు ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. సర్వేయర్లు టేపుతో ముందు వెళ్లాల్సింది ఆ గోడల దగ్గరికే.