వియ్యంకుడి ఏరు, నా అడయారు

మా వియ్యంకుడు అరిజోనాలో కొడుకింటికి, అంటే మా అమ్మాయి ఇంటికే, వెళ్లాక ఫ్యామిలీ గ్రూపులో నడకల పోటీ మొదలైంది. పెట్టింది మా అల్లుడు. రోజుకు పదివేల అడుగులు. దాటినవాళ్లకి చప్పట్ల బొమ్మలు.

వాళ్లుండే టూసాన్ ఎడారి ఊరు. ఈయన నడిచేది మాత్రం రిల్లీటో నది ఒడ్డున! చదునైన బాట, బెంచీలు, మంచినీళ్ల కుళాయిలు, బండి హారన్ అన్నదే లేదు. రోజూ ఫోటోలు. నదిలో చూస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే, మందుకు కూడా చుక్క నీరుండదు. వాళ్లకి ఏడాదికి సగటున 300 మిల్లీమీటర్ల లోపే వాన. మా చెన్నైకి దాదాపు 1400. నీళ్లు లేని ఏటికి అంత రాజమార్గం వేస్తే ఎవరికైనా కడుపు మండదూ?

"మీకు అడయారు నది ఉందిగా బావగారూ! ఆదివారం వీడియో కాల్‌లో కలిసి నడుద్దాం" అన్నారు. వద్దనడానికి పౌరుషం అడ్డొచ్చింది.

ఫోన్ మ్యాపులో బెసంట్ నగర్ బీచ్ చివర్నుంచి విరిగిన వంతెన వైపు ఏటి పక్కగా చుక్కల గీత ఒకటి, దాని మీద 'సులువు' అన్న మాట. ఆ గీత గీసిన మహానుభావుడు అక్కడి జాలరిపేట ఊరూర్ కుప్పం ఛాయలకు వచ్చి ఉండడు. సరే, ఆటో, బేరం, ఇసక, వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు, అన్నీ అయ్యాయి. మాకు ఆదివారం పొద్దున ఆరున్నర, వాళ్లకి శనివారం సాయంత్రం ఆరు. కాల్ కలిసింది.

సరిగ్గా అప్పుడే ఎడమ కాలు దిగబడింది.

పైకి ఎండి బీటలు తీసిన నేల. కింద, ఏరు సముద్రంలో కలిసేచోట ఆటుపోట్లకి పేరుకున్న ఒండ్రు, అందులో నగరం పైనుంచి పంపిన సమస్తం. పిక్క దాకా వెళ్లింది. ఆసరాకని కుడికాలు వేస్తే అదీ తోడు వెళ్లింది.

"ఆగిపోయారేం బావగారూ?"

"వ్యూ చూస్తున్నానండీ."

ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. మెడ నుంచి పైన నేను, వెనక వంతెన. అంతకు మించి ఆయనకి కనపడకూడదు. రెండో చెయ్యి పడిపోకుండా గాల్లో ఊపుతున్నాను.

"అదేనా ఆ వంతెన?"

"1977లో ఏటి ఉరవడికి కొట్టుకుపోయిందండీ" అన్నాను, కాలు లాగుతూ. అనకుండా ఉండాల్సింది. ఆయన ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు.

"మాకిక్కడ 1983 అక్టోబరులో పెద్ద వరదొచ్చింది!"

మాకిక్కడట! 1983లో ఈయన ఏలూరు కాలవ గట్టు మీద లస్కర్లని కేకలేస్తూ ఉండుంటారు.

"ఒడ్డులు కోసుకుపోతే మట్టిలో సిమెంటు కలిపి గట్లు కట్టారు. ఆ గట్ల వెంబడే ఈ బాట. ఊళ్లో ఏళ్లన్నీ కలుపుకుంటూ 200 కిలోమీటర్ల పైనే వేశారు. అసలు ఆ గట్టు ఎలా వేస్తారనుకున్నారు? పొర మీద పొర, పొర మీద పొర..."

ఆయన ఒక్కో పొర పైకి వేస్తుంటే నేను అంగుళం చొప్పున కిందికి పోతున్నాను. ఇంతలో మణికట్టు మీద వాచీ గుర్రుమంది. గాల్లో చెయ్యి ఊపినప్పుడల్లా అడుగు కింద రాసుకుంటోందది! పదివేలు పూర్తయ్యాయని తారాజువ్వలు వదిలింది. గ్రూపులో అల్లుడి చప్పట్లు. "కదలకుండానే ఎలా మావయ్యా?" అని అడిగినవాడు లేడు.

బుట్టతో వెళ్తున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, నెత్తి కొట్టుకుని, అరవంలో గట్టిగా కేకలు మొదలుపెట్టింది.

"ఎవరో పిలుస్తున్నట్టున్నారు?"

"తెలిసినావిడేనండీ. చేపలు కావాలా అని."

ఆవిడ కేకలకి ఇద్దరు కుర్రాళ్లు తాడూ తెడ్డూ పట్టుకొచ్చారు. తెడ్డు నా చంకలో దూర్చి, తాడు నడుముకి చుట్టి, లెక్కపెట్టి లాగారు. ఆ క్షణంలో టూసాన్‌లో కనిపించినవి వరసగా ఆకాశం, ఒక కాకి, కుర్రాడి ముక్కు రంధ్రాలు, మళ్లీ ఆకాశం.

"డ్రోన్ కూడా కొన్నారా బావగారూ!"

ఎడమ బూటు అక్కడే ఉండిపోయింది. తిరుగు ఆటో అతను సీటు మీద పేపర్లు పరిచి, పరిచినందుకు విడిగా తీసుకున్నాడు. మా ఆవిడ నన్ను మెట్ల మీదే ఆపి బకెట్టు తెచ్చింది. ఆ వారం విజేతని నేనే.

రాత్రి వియ్యంకుడి మెసేజ్: "మీ ట్రాక్ మెత్తగా ఉన్నట్టుంది, మోకాళ్లకి మంచిది. ఇండియా రాగానే అక్కడికే వెళ్దాం."

తప్పకుండా రండి, ముందు మీరే నడుద్దురుగాని అని రాశాను.