నిమ్మకాయలకు నోచుకోని బండి

గత దసరా వేడుకలో వాహన పూజ వరస దగ్గర జరిగిన సంగతి కాలిఫోర్నియాలోని మన తెలుగు సంఘంలో చాలామందికి తెలుసు. తెలియనివారికి ఈపాటికి ఎవరో ఒకరు కాస్త ఉప్పూ కారం కలిపి చెప్పే ఉంటారు. అందుచేత నా వైపు కథను నేనే రాయడం మంచిదనిపించింది.

ఆ శనివారం పాఠశాల పార్కింగులో ఒక పక్కన బతుకమ్మలు పేరుస్తుండగా, మరో పక్కన పంతులుగారి ముందు కొత్త కార్లు బారులు తీరి ఉన్నాయి. నేను లెక్కపెట్టినంతవరకు అందులో 14 టెస్లాలు. వాటి వెనక మా ట్రక్కు, ట్రక్కు వెనక ట్రెయిలర్ మీద ఎడారి పందేల్లో నడిపే మా బగ్గీ. ఇనుప గొట్టాల పంజరం, గరుకు టైర్లు, వెనకవైపు బట్టబయలుగా కనిపించే ఫోక్స్‌వ్యాగన్ ఇంజను తప్ప దానికి తలుపులూ లేవు, అద్దాలూ లేవు. ముందురోజు రాత్రి రెండు గంటలు కూర్చుని కడిగినా మూలల్లోని మొహావే ఎడారి మట్టి పూర్తిగా వదలలేదు. మా వంతు దగ్గర పడుతుండగా ఒక కార్యకర్త వచ్చి, మర్యాదలో ఏ లోటూ రానీయకుండానే, "ఏమనుకోకండి మేడమ్‌గారూ, ఇది కొత్త బండ్ల వరసండీ. ఈ తుక్కును కాస్త అటు చెత్త డంప్‌స్టర్ పక్కన పెట్టించండి, ఫొటోల్లో బాగుండదు" అన్నారు. మేము పెట్టించాము. ఆయన వెళ్లిన తరువాత మా 13 ఏళ్ల అబ్బాయి, "అమ్మా, తుక్కు అంటే ఏంటి?" అని అడిగాడు.

వాడికి ఆ మాట తెలియకపోవడం నా తప్పే, ఎందుకంటే అది నాకు పుట్టింటి మాట. మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాను కట్టలు (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) బాగుచేసే షెడ్డు ఉండేది. అక్కడ తుక్కంటే చెత్త కాదు. తూకం వేసి కొనేది, అందులోంచి పనికొచ్చే పట్టీని ఏరి, కాల్చి, వంచి మళ్లీ లారీ కిందికి ఎక్కించేది. మహర్నవమి నాడు షెడ్డులో ఒక్క పానా కూడా కదిలేది కాదు. సుత్తులకూ, పట్టకార్లకూ, డ్రిల్లింగు మిషనుకూ పసుపు కుంకుమలు పెట్టి, అరటి పిలకలు కట్టి, కొలిమికి హారతి ఇచ్చేవారు. అవన్నీ నేను షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని, ఎందుకంటే ఆడపిల్లకు లోపలికి ప్రవేశం లేదు. అన్నయ్యకు ప్రవేశం ఉండేది గాని, గ్రీజు అంటితే మటుకు దెబ్బలు పడేవి, వాణ్ణి ఇంజినీరును చేయాలి గనుక. నవమి నాడు మొక్కిన పనిముట్టును దశమి నాడు తన పిల్లలు ముట్టుకుంటే ఓర్వలేకపోయిన మనిషిని నేను తప్పు పట్టడం లేదు. ఆయన చేతుల మీది కాలిన మచ్చలు ఆయనకు తెలుసు. అయినా ఆ రోజు డంప్‌స్టర్ పక్కన నిలబడ్డప్పుడు నాకు గుర్తుకొచ్చినది ఆ కార్యకర్త ముఖం కాదు, మా షెడ్డు గుమ్మం.

మా బండి సంగతి కొంత చెప్పాలి. ఎడారి పందేలు అనగానే మనవాళ్లు లక్షల డాలర్ల ట్రోఫీ ట్రక్కులను ఊహించుకుంటారు. మాది పదహారు వందల క్లాసు. అందరికీ అదే 1600 సీసీ ఫోక్స్‌వ్యాగన్ ఇంజనే కనుక, డబ్బున్నవాడు ఇంజను పెంచుకుని గెలిచే వీలు తక్కువ. పాత బీటిల్ కార్లు లోకమంతటా 2 కోట్ల 10 లక్షలకు పైగా తయారై, 2003లో మెక్సికోలోని ప్యూబ్లాలో చివరిది బయటికి వచ్చేదాకా ఆగలేదు కాబట్టి, వాటి విడిభాగాలు ఈనాటికీ చవకగా దొరుకుతాయి. ఈ ఆట మొదలైనదే ఆ బీటిల్ మీద. 1964లో బ్రూస్ మేయర్స్ అనే ఆయన, మనలో చాలామంది కాపురముంటున్న ఆరెంజ్ కౌంటీలోనే, బీటిల్ భాగాల మీద ఫైబర్‌గ్లాసు ఒళ్లు తొడిగి మాంక్స్ బగ్గీని తయారుచేశారు. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో టిజువానా నుంచి లాపాజ్ దాకా జరిగిన మొదటి బాహా పందెంలో ట్రక్కులనూ మోటారు సైకిళ్లనూ వెనక్కి నెట్టి 27 గంటల 38 నిమిషాల్లో ముందుగా చేరినది ఆ మాంక్సే.

మేము ఈ బండిని హెస్పీరియా అనే ఊళ్లో వయసు మీదపడి పందేలు మానుకున్న ఒక పెద్దాయన దగ్గర 12,500 డాలర్లకు కొన్నాము. నడిపేది మావారు, పక్క సీట్లో దారి చూపేది 18 నిండిన మా అమ్మాయి. పిట్‌లో, అంటే దారి పక్కన బండి ఆగే మా మకాంలో, పెట్రోలు పోసేది మా మరిది, రేడియో పట్టుకుని సమయాలు రాసేది మా అబ్బాయి. పద్దులూ, పులిహోరా, ప్రథమ చికిత్స పెట్టే నావి. బార్‌స్టో, లూసర్న్ వ్యాలీ పరిసరాల్లో ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా ఐదు పందేల్లో దిగి మూడింటిని పూర్తిచేశాము. మొదటి దానిలో 11వ మైలు దగ్గర సీవీ జాయింటు (ఇంజను బలాన్ని చక్రానికి అందించే ఇరుసు కీలు) రబ్బరు చిరిగి, గ్రీజు కారిపోయి, జాయింటు అరిగి పాడయింది. రెండో దానిలో అందరికంటే చివర వచ్చాము. ప్రవేశ రుసుములు, టైర్లు, పెట్రోలు, గడువు దాటితే తనిఖీలో ఒప్పుకోరు కనుక తప్పనిసరిగా మార్చిన సీటు బెల్టులు, అన్నీ కలిపి ఆ ఏడాది ఖర్చు 7,860 డాలర్లు. మా అమ్మాయి అరంగేట్రానికి నాలుగేళ్ల కిందట అంతకు రెట్టింపుకన్నా ఎక్కువే అయింది. ఆ ఖర్చు ఎందుకని ఎవరూ అడగలేదు, అడగవలసినదీ కాదు. ఇదే పత్రిక ఆ ఫొటోను పూర్తి పేజీలో వేసింది. ఆ పేజీని మేము ఫ్రేము కట్టించుకున్నాము.

ఆగస్టు పందెం గురించి మాత్రం తీరిగ్గా చెప్పనివ్వండి, ఎందుకంటే నేను అడగబోయేదంతా దాని మీదే నిలబడి ఉంది.

ఎండ దెబ్బకు వేసవి పందేన్ని రాత్రి పూట పెడతారు. 38 మైళ్ల చుట్టు, మూడు చుట్లు. రెండో చుట్టులో బండి ఒక కొండ వెనక్కి వెళ్లగానే రేడియో మూగబోయింది. రావలసిన సమయం దాటి పది నిమిషాలయింది, ఇరవై అయింది. మా అబ్బాయి కాగితం మీద గీతలు గీస్తూనే ఉన్నాడు. వచ్చే ప్రతి దీపాన్నీ మాదే అనుకుని లేవడం, కాక కూర్చోవడం. ఇలాంటప్పుడు తల్లి మనసులో ఏం జరుగుతుందో రాయను. మనలో పిల్లలకు మొదటిసారి కారు తాళాలిచ్చిన తల్లులందరికీ అది తెలుసు.

అక్కడ జరిగినది ఇది. బీటిల్ ఇంజనులో నీళ్లుండవు, రేడియేటరుండదు, గాలితోనే చల్లబడుతుంది. ఆ గాలినిచ్చే ఫ్యానునూ, బ్యాటరీకి కరెంటునిచ్చే ఆల్టర్నేటరునూ ఒకే బెల్టు తిప్పుతుంది. ఆ బెల్టు తెగితే ముందు ఎర్ర దీపం వెలుగుతుంది, ఆ తరువాత ఆగకుండా నడిపితే నిమిషాల్లో ఇంజను మాడిపోతుంది. దీపం వెలిగినప్పుడు పిట్ ఇంకా నాలుగు మైళ్లుంది, ఎలాగో లాగించేద్దామన్నారు మావారు. "నాన్నా, ఆపు" అంది మా అమ్మాయి. ఆయన వినలేదు. రెండోసారి నాన్నా అనలేదు, "ఆపు" అని మాత్రమే అంది. ఆపారు.

ఆ బెల్టు తిరిగే కప్పీ (గాడి ఉన్న చక్రం) రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో పల్చటి వాషర్లు పెట్టి బెల్టు బిగువును సరిచేస్తారు. నోటితో చిన్న టార్చిలైటు పట్టుకుని, కప్పీ గాడిలో స్క్రూడ్రైవరు అడ్డుపెట్టి, 21 పానాతో నట్టు విప్పి, వాషర్లు పిండి లాంటి ధూళిలో పడిపోకుండా ఒక్కొక్కటీ లెక్కపెట్టి తన నాలిక కింద దాచుకుని, కొత్త బెల్టు వేసింది. పదిహేడు నిమిషాలు పట్టింది. (నాలిక కింద దాచుకున్న సంగతి నాకు నెల తరువాత తెలిసింది, అప్పుడు తిట్టవలసినంతా తిట్టాను.) తెల్లవారుజామున రెండున్నరకు మూడో చుట్టు ముగించి, తొమ్మిది బండ్లలో నాలుగో స్థానంలో వచ్చారు. దిగేసరికి ఇద్దరి ముఖాలూ కళ్లజోడు మేర తప్ప సున్నం కొట్టినట్టున్నాయి.

ఆ పని దానికి నేర్పింది ఎవరనుకున్నారు? ఆడపిల్లను గుమ్మం దాటనీయని మా నాన్నగారే. ఆదివారం ఉదయాలు వీడియో కాల్ పెట్టి, ఫోను ఇంజనుకు దగ్గరగా పట్టుకోమంటారు. స్క్రూడ్రైవరు మొనను బేరింగు డబ్బా మీద, పిడిని చెవి మీద ఆనించి వినమంటారు, విన్నదాన్ని చెప్పమంటారు. "గరగరా, కీచుమంటోందా?" అని అక్కడి నుంచి అరుస్తారు. మా అమ్మాయికి గరగర అనే మాట అలా వచ్చింది. మన బడిలో ఆరేళ్లు తెలుగు నేర్పించాము. పరీక్షలు రాసింది, పద్యాలు అప్పజెప్పింది, తాతగారితో మాత్రం రెండు నిమిషాలకు మించి మాట్లాడలేకపోయేది. ఇప్పుడు గంటలు గడుస్తాయి. నాకు నేర్పనిది దానికెందుకు నేర్పారని నేను ఆయన్ను అడగలేదు. అడిగితే ఫోను కట్ చేస్తారేమోనని భయం.

ఇక అవతలి వైపు న్యాయం కూడా చెప్పాలి. ఆ ఇంజను నూనె కారుతుంది. పుష్‌రాడ్ గొట్టాల సీళ్లు ఎన్నిసార్లు మార్చినా ఎక్కడో ఒక బొట్టు రాలుతుంది. నేల మీద మరక పడితే పాఠశాలవారు మన డిపాజిట్టు పట్టుకుంటారు, ఆ ఒప్పందం మీద సంతకం చేసినవారికే ఆ బాధ తెలుస్తుంది. ట్రే పెట్టకుండా వెళ్లడం మా పొరపాటు. ఆ కార్యకర్త పొద్దుటి నుంచి ఎండలో నిలబడి ఉన్నారు. భోజనాల కమిటీలో ఉన్న ఏడాది నేనూ కూపను లేదని ఒక ముసలమ్మగారిని వరసలోంచి వెనక్కి పంపినదాన్నే. ప్రమాదం మాట కూడా కొట్టివేయదగినది కాదు. 2010 ఆగస్టులో ఇదే లూసర్న్ వ్యాలీ దగ్గర రాత్రి పందెంలో ఒక ట్రక్కు అదుపు తప్పి, దారిని ఆనుకుని నిలబడ్డ జనం మీద పడి ఎనిమిది మంది చనిపోయారు. మన పిల్లలను అటువంటి చోటికి తీసుకువెళ్లమని సంఘం ప్రోత్సహించకూడదని ఎవరైనా అంటే వాదించను. మేము మా పిట్‌ను దారికి ఎంత దూరంలో పెడతామో చెప్పి ఊరుకుంటాను.

కాని ఆ వరసలోంచి మమ్మల్ని తప్పించినది నూనె వల్లా కాదు, ప్రమాదం వల్లా కాదు. ఫొటోలో బాగుండదన్నారు. ఇంతకుముందు "ఇది తెల్లవాళ్ల వ్యసనం, మనకెందుకు" అన్న పెద్దలూ ఉన్నారు. కాని 1976లో ఇక్కడి సౌత్ కరోలినాలో మొదలైన కాలేజీ బగ్గీ పోటీ 2007 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. ఆంధ్ర, తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు తాము స్వయంగా వెల్డింగు చేసిన బండ్లను రైలెక్కించి ఇండోర్ పక్కనున్న పీథంపూర్ దాకా తీసుకువెళ్లి బురదలో నడిపిస్తున్నారు. అక్కడి పిల్లలు ఇంత దూరం వచ్చారు. మనం మాత్రం బయలుదేరిన నాటి ఊరిని పెట్టెలో పెట్టి తెచ్చుకుని, ఆ పెట్టెలో ఆటోనగర్‌ను సర్దడం మరిచిపోయాము. మరిచిపోయామో, కావాలనే వదిలేశామో.

ఆయుధ పూజ అన్న పేరు మన ఆహ్వాన పత్రికలో ఇంకా ఉంది. ఆ రోజు పంతులుగారి ముందు నిలిచిన వాటిలో పనిముట్టు అనదగినది ఎన్ని ఉన్నాయో కమిటీవారే ఆలోచించాలి. కార్లకు పూజ మానమని నేను అనను. మా ఇంటి కొత్త కారుకూ రెండేళ్ల కిందట ఆ వరసలోనే చేయించుకున్నాము, నాలుగు నిమ్మకాయలు తొక్కించి మరీ ఇంటికి తీసుకువెళ్లాము. నేను అడుగుతున్నది చివరి వరస ఒక్కటి. ఎవరి పనిముట్టు వారు తెచ్చుకునే వరస. మనలో ఇళ్లకు కరెంటు పని చేసేవారున్నారు, పళ్ల డాక్టర్లున్నారు, బ్లౌజులు కుట్టి పిల్లలను చదివించుకుంటున్న ఆడవాళ్లున్నారు. వాళ్ల ప్లయర్లూ, కుట్టు మిషన్లూ ఏ ఏడాదీ ఆ పార్కింగులోకి రాలేదు, రావచ్చని వాళ్లకెవరూ చెప్పలేదు. యువ ప్రతిభ పేజీలో స్పెల్లింగ్ బీ, నాట్యం, గణితంతో పాటు చేతి పనికీ ఒక గడి పెడితే ఇంకా సంతోషం. ఆ గడిలో మా అమ్మాయి పేరే ఉండాలని లేదు.

మా వైపు నుంచి ట్రే, కింద పరచడానికి అట్టలు, నిమ్మకాయలు మేమే తెచ్చుకుంటాము. మరక పడితే డిపాజిట్టు మా పద్దులో రాసుకుంటాను. నవంబరు పందెంలో మూడో గేరు పళ్లు ఊడి, గేరుబాక్సు ప్రస్తుతం మా గరాజులో పాత దుప్పటి మీద విప్పి పరిచి ఉంది. ఖర్చు 1,900 డాలర్లని దుకాణంవారు అన్నారు కనుక, తానే బిగిస్తానని మా అమ్మాయి మొండికేసింది. ఆదివారాలు తాతగారు ఫోనులోంచి ఒక్కొక్క పన్నూ చూపించమంటున్నారు. దసరా నాటికి బండి తన కాళ్ల మీద తాను ట్రెయిలర్ ఎక్కుతుందని ఇద్దరూ మాట ఇచ్చారు.