బడి గేటు దగ్గర కడుపునొప్పి

2021 ఆగస్టు 15, ఆదివారం. విశాఖలో గోపాలపట్నం వైపు ఒక హైస్కూలు. జెండా వందనం అయిపోయింది, కరోనా వల్ల మూతపడ్డ బడులు రేపు తెరుస్తున్నారు. ఆరో తరగతిని మొదటి వారం పరీక్షతో మొదలెట్టాలా, పిల్లల భయాలు తీర్చడంతోనా అన్న దాని మీద లెక్కల మాస్టారికీ తెలుగు టీచరుకీ మాట పెరిగింది.

మాస్టారు: రేపు ఫస్ట్ పీరియడ్‌లోనే పరీక్ష పెట్టేస్తానమ్మా. 2020 మార్చిలో బడి మూసేనాటికి వీళ్లు నాలుగో తరగతి. ఐదో తరగతి మొన్న ఫిబ్రవరి 1న మొదలై ఏప్రిల్లోనే ఆగిపోయింది. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఎందరికి గుర్తుందో తెలియకుండా పాఠం ఎక్కడ మొదలెట్టను? భయాలంటారా, రెండ్రోజులు గ్రౌండులో ఆడితే పోతాయి.

టీచరు: కొందరికి పోతాయి, మాస్టారూ. పోనివాళ్లు గ్రౌండు దాకా రారు. పొద్దున్నే కడుపునొప్పి అంటారు. ఈ పూటకి ఇంట్లో ఉండమనగానే తగ్గిపోతుంది.

మాస్టారు: దొంగనొప్పి!

టీచరు: నొప్పి నిజమే. గాబరా పడితే కడుపు బిగుసుకుంటుంది. జ్వరం, వాంతులు ఉన్నా, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి అయినా డాక్టరుకి చూపించాల్సిందే. అవేవీ లేకుండా బడి రోజుల్లోనే వచ్చే నొప్పికి ఇంట్లో కూర్చోబెట్టడం మందు కాదు. ఉండిపోతే ఆ పూటకి హాయిగా ఉంటుంది, మర్నాటికి భయం ఇంకాస్త పెరుగుతుంది. అందుకే వాళ్లని మానిపించమని నేను అనడం లేదు, మెట్టు మెట్టుగా రప్పించమంటున్నాను. మొదటి రోజు గేటు దాకా, రెండో రోజు ఒక్క పీరియడ్, తర్వాత మధ్యాహ్న భోజనం దాకా, ఆపైన రోజంతా. తల్లి గేటు దగ్గర నిమిషం కంటే ఎక్కువసేపు నిలబడకూడదు, 'సాయంత్రం ఇన్నింటికి వస్తాను' అని టైము చెప్పి వెళ్లిపోవాలి. చెప్పిన టైముకి రావాలి కూడా. ఒక్కసారి ఆలస్యమైతే మళ్లీ మొదటి మెట్టే.

మాస్టారు: తరగతి నిండా పిల్లలుంటే ఒక్కొక్కరికీ ఒక్కో మెట్టు ఎవరు కడతారు?

టీచరు: అందరికీ అక్కర్లేదు. రేపు తలా ఒక చీటీ ఇద్దాం. ఏది బెంగగా ఉందో పేరు లేకుండా రాస్తారు. ఎవరిదీ పైకి చదవను. ఇంట్లో నాన్నమ్మకి అంటిస్తానేమోనని భయపడేవాళ్లు ఒక కుప్ప, చదువు మర్చిపోయానని బెంగపడేవాళ్లు ఒకటి, ఈ బడిలో నాకెవరూ తెలీదనేవాళ్లు ఒకటి. వీళ్లంతా వేర్వేరు ప్రాథమిక బడుల నుంచి వస్తున్నారు కదా, మూడో కుప్పే పెద్దదవుతుంది. పాత బడి పిల్లల్ని దూరం పాటిస్తూనే పక్కపక్క బెంచీల్లో వేస్తే అది సగం కరుగుతుంది. మొదటి కుప్పకి 'ఏం కాదులే' అంటే చాలదు. కిటికీలు ఎందుకు తెరిచామో, ఇంటికెళ్లగానే చేతులు ఎలా కడగాలో చేసి చూపించాలి.

మాస్టారు: పేరు లేదంటున్నారు. ఎవరో పిల్లాడు 'మా నాన్న పోయాడు, నాకు నిద్ర పట్టడం లేదు' అని రాస్తే ఎవరని వెతుకుతారు?

టీచరు: (కాసేపు ఆగి) నిజమే, నేనది ఆలోచించలేదు. నాతో మాట్లాడాలనుకున్నవాళ్లు కింద పేరు రాయండి అని చెబుతాను. అయినవాళ్లు పోయిన పిల్లల్ని మాత్రం తరగతిలో ఏమీ అడగొద్దు. రెండు వారాలైనా తిండీ నిద్రా కుదరకపోతే చినవాల్తేరు మానసిక వైద్యశాలకి తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లతో మాట్లాడదాం.

మాస్టారు: సరే. జ్వరం చూసే గన్ గేటు దగ్గరే పెట్టించాను, దాని మీద కూడా పేచీ ఉందా?

టీచరు: ఉంది. ఎండలో నడిచొచ్చిన పిల్లాడి నుదురు వేడిగానే ఉంటుంది. అందరి ముందూ పక్కకి లాగితే సాయంత్రానికి వాడి పేరు 'కరోనా' అయిపోతుంది. వరండా నీడలో పది నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ చూడండి.

మాస్టారు: గేటు దాటాక నిజంగా జ్వరమే అయితే? నీడ గేటు బయటే చూడండి, వరండాలో కాదు.

టీచరు: అలాగే, గేటు బయట చెట్టు కింద. ఇంకోటి. మన ఊరి ఉక్కపోతకి మాస్కు మధ్యాహ్నంలోపే తడిసి ముక్కుకి అతుక్కుంటుంది. ఊపిరాడకపోతే జబ్బే వచ్చిందనుకుంటారు పాపం. సంచిలో పొడి మాస్కు ఇంకోటి పెట్టించాలి. గదుల్లో బ్లీచింగ్ నీళ్లు ఇవాళే చల్లించండి, రేపు పొద్దున్న వద్దు. రాత్రంతా కిటికీలు తీసే ఉండాలి. 2020 మే 7న తెల్లవారకుండానే వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే విషవాయువు వాసనకి లేచి పరుగెత్తిన పిల్లలు మన తరగతిలో ఉండొచ్చు. ఘాటు వాసన వాళ్లకి మన ముక్కుకి తగిలినట్టు తగలదు.

మాస్టారు: (నెమ్మదిగా) వాసన సంగతి నాకు తట్టలేదు. ఇప్పుడే చల్లిస్తాను. కానీ ఒక్కటి వినండమ్మా. పక్కవాడికి వచ్చిన లెక్క తనకి రాకపోవడం కూడా భయమే. చీటీలతో అది తీరదు, నేర్పితేనే తీరుతుంది. ఎన్నాళ్లు ఆగమంటారు?

టీచరు: పది రోజులు. ఈలోగా రోజూ నోటిలెక్కలు చేయించండి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో మీకే తెలుస్తుంది.

మాస్టారు: పదకొండో రోజు పరీక్ష పెట్టేస్తాను. ఒక్కరోజు కూడా జరపను.

టీచరు: పెట్టండి. మార్కులు మాత్రం బోర్డు మీద రాయకండి.